చెరువు మట్టి జాడీలు

ఆర్ట్ కాలేజీలో చదివినవాళ్లను కదిలిస్తే చివరి ఏడాది ఎగ్జిబిషన్ గురించి ఆపకుండా చెప్తారు. ఎవరొచ్చారు, ఎవరేమన్నారు, ఏ పేపర్లో ఫొటో పడింది. నాకు ఆ వారం సంగతులు సగం మరుపే. బాగా గుర్తున్నది దానికి ముందు, 1999 సంక్రాంతికి, మా ఊరి కుమ్మరి వీధిలో ఆ ఎగ్జిబిషన్ కోసం పడ్డ పాట్లు. పాట్లు అంటున్నా గానీ, అంత సుఖంగా పనిచేసిన రోజులు నాకు మళ్లీ రాలేదు.

మాది నెల్లూరు జిల్లాలో పొదలకూరు నుంచి రాపూరు పోయే వైపు చిన్న ఊరు. నిమ్మతోట, కొంచెం మాగాణి. నేను మద్రాసులో ఎగ్మోరు దగ్గర గవర్నమెంట్ ఫైనార్ట్స్ కాలేజీలో సిరామిక్స్ చదివేదాన్ని. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మొదలుపెట్టిన కాలేజీ అది. ఆ గొప్ప మా చుట్టాల దగ్గర చెల్లేది కాదు. "మీ పాప ఏం చదవతా ఉంది?" అని ఎవరన్నా అడిగితే, అమ్మ నోరు తెరిచేలోపలే మేనత్త అందుకునేది, "కుండలు చేసే చదువంట!" అని. అమ్మకి తల కొట్టేసినట్టయ్యేది. నేను మాత్రం హాస్టల్లో వేరే గొప్పలు పోయేదాన్ని. 1996 నుంచి మా కండలేరు మీదుగా మద్రాసుకి కృష్ణా నీళ్లు వస్తున్నాయి కదా, కుళాయి తిప్పినప్పుడల్లా "మా ఊరి నీళ్లు తాగతా ఉండారు, గుర్తు పెట్టుకోండి" అని తమిళ పిల్లల్ని ఏడిపించేదాన్ని.

మా బ్యాచ్‌లో అందరూ శిల్పాల మీద పడ్డారు. పగిలిన ముఖాలు, మెలికలు తిరిగిన చేతులు. మాస్టారు నన్నడిగితే జాడీలు చేస్తానన్నా. ఊరగాయ జాడీలు. ఆయన ఒక్క క్షణం చూసి, "చెయ్యి. కానీ అంగట్లో దొరికే జాడీకీ నీ జాడీకీ తేడా ఏందో గోడ మీద రాయకుండా చూపించాలి" అన్నారు. ఆ మాట నన్ను నెలల తరబడి తినేసింది.

జాడీ ఎందుకంటే, నిమ్మతోట ఉన్న ఇంట్లో పుట్టినదానికి జాడీ కంటే దగ్గరి పాత్ర లేదు. చేపల పులుసుకి మట్టి సట్టిని మించింది లేదని మా జిల్లాలో ఎవర్నడిగినా చెప్తారు. నీళ్లకి మట్టి కుండ. ఊరగాయ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎర్ర మట్టి పనికిరాదు. ఆములో, అంటే కుమ్మరి బట్టీలో, కాలిన కుండకి ఒళ్లంతా సన్నటి రంధ్రాలుంటాయి. నీళ్ల కుండకి అవే మేలు, చెమర్చి ఆవిరవుతూ లోపలి నీళ్లని చల్లబరుస్తాయి. అదే కుండలో ఊరగాయ పెడితే ఉప్పునీళ్లు గోడలోకి పాకి బయట తెల్లగా పూస్తాయి, కుండ పొట్టు పొట్టుగా రాలిపోతుంది. జాడీ మట్టి వేరు, వేడి వేరు. 1,250 డిగ్రీలు దాటించి కాలిస్తే మట్టి దాదాపు రాయవుతుంది, పైన పూసిన గ్లేజు కరిగి గాజవుతుంది. ఆ గ్లేజులో సీసం ఉండకూడదు. ఉంటే నిమ్మ పులుపు దాన్ని మెల్లగా కరిగించి ఊరగాయలోకి దింపేస్తుంది. తినే పాత్ర చేసేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది అది.

గ్లేజు సామాన్లు మద్రాసులో ఒక కెమికల్స్ అంగట్లో కొనేవాళ్లం. ఫెల్‌స్పార్ పొడి, క్వార్ట్జ్ అనే పలుగురాయి పొడి, చీనామట్టి. ఒకసారి ఫెల్‌స్పార్ తూకం వేస్తూ అంగడాయన నా యాస పట్టేసి, "మీ గూడూరు సరుకేనమ్మా" అన్నాడు. అప్పట్లో గూడూరు మా జిల్లాలోదే. గూడూరు, సైదాపురం, రాపూరు వైపు అభ్రకం గనులున్నాయని తెలుసు. ఎండలో ఆ రోడ్ల పక్క మట్టి తళతళలాడుతుంది, చిన్నప్పుడు కాకిబంగారం అని ఏరుకొచ్చి పుస్తకాల్లో దాచుకునేవాళ్లం. కానీ అభ్రకం ఉన్న రాతి పొరలోనే క్వార్ట్జూ ఫెల్‌స్పారూ కలిసి ఉంటాయని, గనివాళ్లు పక్కన పారబోసిన గుట్టల్లో ఉండేది అవేనని, నా చేతిలోని పొట్లం మా తోట నుంచి సైకిల్ మీద పోయొచ్చేంత దూరపు రాయని నాకు తట్టనే లేదు.

ఇంకొక సంగతి అప్పటికే మనసులో పురుగులా తొలుస్తా ఉంది. దసరా సెలవులకి వచ్చినప్పుడు మా ఊరి కుమ్మరి తాత చేసిన ముంత ఒకటి మద్రాసు తీసుకుపోయా. ఏమవుతుందో చూద్దామని విరిగిన పెంకు మీద ఇసక పోసి, దాని మీద ముంత పెట్టి, పెద్ద వేడి కొలిమిలోకి తోశా. తాత ఆములో 800 డిగ్రీల దగ్గర హాయిగా కాలే ఆ మట్టి 1,290 దగ్గర నిలబడలేదు. తలుపు తీసేసరికి ముంత ముంతగా లేదు, నల్లగోధుమ రంగులో మెరిసే గాజు ముద్ద. మట్టిలో ఇనుమూ సున్నమూ ఎక్కువుంటే పెద్ద వేడికి కరిగిపోతుంది. పుస్తకంలో చదివిందే, కళ్లారా చూసేసరికి ఒళ్లు జలదరించింది. జాడీలకి పై సగాన కనిపించే రంగు అదే మరి. మా చెరువు మట్టే ఆ రంగు.

అలా కుదిరింది. జాడీ పై సగానికి తాత మట్టి. కింద సగానికి సైదాపురం రాయి, మా నిమ్మతోట బూడిద, మిల్లు ఊక బూడిద. సంక్రాంతి సెలవులకి మద్రాసు నుంచి స్టోన్‌వేర్ మట్టి, అదే పెద్ద వేడికి నిలబడే జాడీ మట్టి, పొడి మూటలు కట్టించుకుని వచ్చేశా. మూటలు దించుతూ నాయన ఒకటే అన్నాడు, "ఇంట్లో మట్టి లేదనా, మద్రాసు నుంచి మోసుకొచ్చావు?"

తాత ఇంటి ముందు వేపచెట్టు కింద సారె. ఆయనకి అప్పుడే డెబ్భై దాటాయి. మద్రాసు మట్టిని తడిపి ముద్ద చేసి ఇస్తే వేళ్లతో నలిపి, వాసన చూసి, "పాలకోవా మాదిరి ఉంది పాపా, దీన్ని తొక్కేదానికి మనసెట్టా ఒప్పద్ది?" అన్నాడు. ఆయన మట్టి కుప్ప ఇంటి వెనక ఉండేది. జనవరిలో చెరువు నిండుగా ఉంటుంది, మట్టి తియ్యడం కుదరదు. అది అంతకుముందు ఎండాకాలం చెరువు ఎండినప్పుడు బండితో తోలిపెట్టుకున్నది. వానకి తడిసి, ఎండకి ఎండి, బాగా మాగింది.

సారె మీద కూర్చోబోతుంటే అవ్వ పనాపి చూసింది. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు మట్టి తొక్కుతారు, ఇసక కలుపుతారు, ఆరబెడతారు, గంప నెత్తిన పెట్టుకుని అమ్ముకొస్తారు, సారె మాత్రం ముట్టరు. తాత కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మా ఇంటి ఆడోళ్లు ముట్టకూడదు. నువ్వు మా ఇంటి ఆడదానివి కాదు గదా. కూర్చో" అన్నాడు. నేను కూర్చున్నా. అవ్వ ఏమీ అనలేదు, చాటలో ఇసక జల్లించుకుంటూ ఉండిపోయింది. మట్టికి ఇసక ఎంత పడుతుందో ఆ ఇంట్లో తాతకి కాదు, ఆమె చేతికే తెలుసు. ఆ న్యాయం ఏందో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కాలేజీలో స్టూలు మీద కూర్చుని కరెంటు చక్రం తిప్పినదాన్ని. ఇక్కడ గొంతుక్కూర్చోవాలి. అంచున గుంటలో కర్ర దూర్చి, గిర్రున తిప్పి, కర్ర పక్కన పడేసి, ఆ ఊపు తగ్గేలోపల ముద్ద లేపాలి. నాకు గోడ సగం లేచేసరికి సారె నీరసపడిపోయేది. మోకాళ్లు పట్టేసేవి. తాత ఆ తిప్పలు చూసి, పెద్ద పాత్రని సారె మీదే పూర్తి చెయ్యాలనుకోవద్దని చెప్పి ఆయన పద్ధతి చూపించాడు. సారె మీద మందంగా, పొట్టిగా, అడుగు లేకుండా లాగి కోసేస్తాడు. ఒక పూట ఆరనిస్తాడు. తర్వాత ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో లోపల నున్నటి రాయి ఆనించి, కుడిచేత్తో బయట చెక్కతో తడతాడు. తడుతూ తిప్పుతూ, తిప్పుతూ తడుతూ. గోడ పలచబడి పొట్ట బయటికొస్తుంది, అడుగు దానంతటదే మూసుకుంటుంది. కన్నుతో చూసేది తక్కువ, వినేదే ఎక్కువ. గోడ మందంగా ఉన్న చోట చెక్క దబ్బుమంటుంది, పలచబడ్డ చోట టక్కుమంటుంది. టక్కుమనగానే చెయ్యి పక్కకి జరగాలి. చాలా జాడీలు పోయాక నా చెవికి ఆ తేడా పట్టుబడింది. పోయినవాటిని అవ్వ నవ్వుకుంటూ నీళ్ల తొట్లో వేసేది.

చెక్క దెబ్బలకి జాడీ ఒంటి మీద చిన్న చిన్న పలకలు తేలతాయి. వాటిని రేకుతో గీకి నున్నగా చేద్దామని రేకు బయటికి తీశా. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి, ఆ పలకలన్నీ ఒక్కోటి ఒక్కో తీరుగా కనిపించాయి. రేకు మళ్లీ సంచిలో పెట్టేశా. మాస్టారు అడిగిన తేడా అదేనని అప్పుడు అనుకోలేదు, బాగుందనిపించి వదిలేశానంతే.

మూతలే నరకం. నేను తెచ్చుకున్న మట్టి తడి నుంచి పెద్ద వేడి దాకా పన్నెండు శాతం దాకా కుంచించుకుపోతుంది. తడిగా ఉన్నప్పుడు మూతకీ నోటికీ సరిపోయింది, రెండూ ఒకే రోజు, ఒకే మట్టితో చెయ్యకపోతే కాలాక సరిపోదు. నేను కాలిపర్ పెట్టి కొలుస్తుంటే తాత బెత్తెడు, రెండు వేళ్లు అని చెప్పేవాడు. ఆయన బెత్తెడు నా కాలిపర్‌తో అంత బాగా కలిసేది.

రాళ్ల పని పొద్దుటి పూట. సైదాపురం వైపు ఒక పాత గని గుట్ట దగ్గరికి నాయన నన్ను మోపెడ్ మీద తీసుకుపోయాడు. అక్కడ ఒకప్పుడు గనిలో పనిచేసిన పెద్దాయన కనిపించాడు. రెండూ తెల్ల రాళ్లే కదా, ఏది ఏదో ఎట్లా తెలిసేదని అడిగితే ఒకటి తీసి ఎండలో అటూ ఇటూ తిప్పాడు. ఒక వాటం దగ్గర రాయి ముఖం మొత్తం అద్దంలా చురుక్కుమంది. "ఇట్టా పలకగా మెరిసిందా, ఫెల్‌స్పారు. మెరుపుకి పలక లేకుండా, గాజు పెంకు మాదిరి పగిలిందా, పలుగురాయి" అన్నాడు. నా కాలేజీ నోట్సులో రెండు పేజీలున్న విషయం ఆయన ఒక్క మణికట్టు తిప్పుతో చెప్పేశాడు.

రాళ్లని ఆములో పెట్టనివ్వలేదు తాత. పేలితే కుండలు పోతాయని. పెరట్లో కట్టెల పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే బుస్సుమని బీటలిస్తాయి, ఆ తర్వాత సుత్తితో తడితే చాలు. మెత్తగా నూరడానికి అమ్మ రోలు ఎత్తుకుపోయా. అమ్మ ఊరుకోలేదు. సంక్రాంతి పిండివంటల ముందు రోట్లో రాళ్లు నూరితే ఏ తల్లి ఊరుకుంటుంది? చివరికి పశువుల కొట్టంలో పడున్న పాత రోలు ఇచ్చింది. పొడిగా నూరకూడదు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. నీళ్లు పోసి, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని నూరేదాన్ని. మేనత్త చూసి, మద్రాసు చదువులో ఇది ఎన్నో పాఠమని అడిగింది.

బూడిద కత వేరు. తోటలో ఎండిన నిమ్మ కొమ్మలన్నీ కాల్చితే చేటెడు బూడిద కూడా రాలేదు. కట్టె బూడిదలో సున్నం ఎక్కువ, గ్లేజు కరగడానికి అది కావాలి. దాన్ని నీళ్లలో కలిపి, తేర్చి, పైనీళ్లు పారబోసి, మళ్లీ కలపాలి. మొదటి నీళ్లలో చెయ్యి పెడితే సబ్బులా జారుతుంది, సాయంత్రానికి వేళ్లు మండుతాయి. ఊక బూడిదకి ఆ బాధ లేదు, అందులో నూటికి ఎనభై పాళ్లకి పైగా సిలికానే, పలుగురాయికి బదులు వాడుకోవచ్చు. రైసుమిల్లు దగ్గర అడిగితే గోతం నిండా పోసిచ్చి, పళ్లపొడి చేస్తావా అని అడిగారు. ఫెల్‌స్పార్ నలభై, బూడిద నలభై, చీనామట్టి ఇరవై అనేది చాలామంది కుమ్మరి కళాకారులు మొదలుపెట్టే లెక్క. దాన్నే పట్టుకుని, బూడిద వాటాలో కట్టెదీ ఊకదీ పాళ్లు మారుస్తూ చిన్న బిళ్లల మీద పూసి, వెనక నంబర్లు రాసుకున్నా.

గ్లేజు పూసే ముందు జాడీల్ని తక్కువ వేడికి ఒకసారి కాల్చుకోవాలి, కానీ పండగ ముందు ఆములో నాకు చోటు లేదు. పొంగలికి ఇంటింటికీ కొత్త కుండ కావాలి, తాతకి ఏడాదిలో నాలుగు రూపాయలు కళ్లపడేది అప్పుడే. భోగి, సంక్రాంతి, కనుమ వెళ్లేదాకా నా జాడీలు ఆయన పంచలో తడి గోనెపట్టాల కింద మెల్లగా ఆరాయి. అదీ మంచికే అయింది, పొద్దుటి మంచుకి నిదానంగా ఆరి ఒక్కదానికీ నెర్ర పడలేదు.

ఆము పేర్చడం మొదలైంది. అడుగున కట్టెలు, పిడకలు, మీద కుండలు, మధ్యలో మళ్లీ పిడకలు, పైన వరిగడ్డి, దాని మీద బురద పూత. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు గానీ, గుదియ దాకా ఎందుకు, ఆములో తొందరపడితే ఆ పెట్టు నిప్పే పెడుతుంది. "తొలిజాము పొగ, మలిజాము సెగ" అన్నాడు తాత. ముందు పొగతో చెమ్మంతా పోవాలి, ఆ తర్వాతే మంట. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుందని, ఆ దగ్గర నిదానం కావాలని మాకు కాలేజీలో చెప్పారు. తాత దగ్గర డిగ్రీలు లేవు, జాములున్నాయి. రాత్రంతా ఆ పొగలోనే కూర్చున్నాం. అవ్వ సజ్జరొట్టె, పచ్చిమిరపకాయ కారం తెచ్చిపెట్టింది.

చల్లారాక ఆము విప్పితే నా జాడీలు అన్నీ గట్టిగా ఉన్నాయి. అంచుల్లో పెట్టిన తాత కుండలు కొన్ని పగిలాయి, కొన్ని నల్లగా మాడాయి. నా పని బాగా కుదిరిందని పొంగిపోతుంటే అవ్వ మెల్లగా అంది, "మంట సమంగా తగిలేది నడిమధ్యలో. ఆడ నీవి పెట్టినాడు, ఈయనవి అంచుకి తోసినాడు." తాత వినపడనట్టు బూడిద ఊడుస్తున్నాడు. పగిలిన కుండలకి డబ్బులివ్వబోతే, ఎగ్జిబిషన్ అయినాక ఒక జాడీ ఇయ్యమన్నాడు.

వెదురు గంపల్లో వరిగడ్డి పరిచి జాడీలు సర్ది, ఒక డబ్బా నిండా చెరువు మట్టి జల్లించి పెట్టుకుని, గూడూరులో పినాకిని ఎక్కాం. రైల్లో ఒకావిడ గంప కిందికి కాళ్లు చాపుకుంటూ కోడిపిల్లలా అని అడిగింది. అవునన్నా, జాగ్రత్తగా ఉంటుందని.

మద్రాసులో గ్లేజు పూసి, పై సగం చెరువు మట్టి జారుగా కలిపిన దాంట్లో ముంచి, కొలిమి నింపాం. మట్టిలో ఒక పిడికెడు బూడిద కలపాల్సొచ్చింది, ఉత్త మట్టి బిళ్లల మీద కొంచెం మొద్దుగా వచ్చింది. కొలిమి వేడి ఎంతకొచ్చిందో వంగి చెప్పే పదో నంబరు కోను వంగేదాకా ఉండి ఆపేశాం. తర్వాత రోజు తలుపు తీసినప్పుడు వేడి ఇంకా మొహానికి కొడుతోంది. పైన రెడ్డిష్ గోధుమ, పలచబడ్డ చోట తేనె రంగు. చెక్క దెబ్బ పలకల అంచుల మీద రంగు విరిగి, ఒక్కో పలకకి ఒక్కో సన్న గీత. కింద సగం కొత్త బియ్యం కడిగిన నీళ్ల రంగు. రెండూ కలిసిన చోట బూడిద గ్లేజు చిన్న చిన్న ధారలుగా జారి ఆగింది. మాస్టారు చాలాసేపు చూసి, గోడ మీద ఏమీ రాయక్కర్లేదన్నారు.

అయినా రాశా, చీటీ మీద. పొదలకూరు వైపు చెరువు మట్టి, సైదాపురం ఫెల్‌స్పార్, నిమ్మకట్టె బూడిద, వరి ఊక బూడిద. కింద నా పేరు, దాని పక్కనే తాత పేరు.

నాయన తాతని వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్ల పంచె, భుజాన టవలు. హాల్లో ఉన్న శిల్పాల్ని చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కటీ చూశాడు, ఏమీ అనలేదు. జాడీల దగ్గరికొచ్చాక మాత్రం చెయ్యి ఆగలేదు. ముట్టుకోవద్దని బోర్డు ఉంది గానీ ఆయనకి చదువు రాదు, నేనూ చెప్పలేదు. వేలి కణుపుతో తట్టి విన్నాడు. కణ్ మంది. "మన మట్టేనా ఇది?" అన్నాడు. పై సగాన్ని గోటితో గీరి చూశాడు, గీత పడలేదు. చీటీ చదివి వినిపిస్తే, "నా పేరేసినావు, మా అబ్బ పేరు గూడా ఎయ్యాల్సింది, ఆ చెరువులో చోటు చూపించింది ఆయనే" అన్నాడు. తర్వాత ధర అడిగాడు. చెప్పా. ఇంకోసారి అడిగాడు. నాయన వైపు తిరిగి, "నేను ఈడనే ఉండిపోతా సామీ, నువ్వు బండెక్కు" అన్నాడు. మా బ్యాచ్ పిల్లలు తెలుగు రాకపోయినా నవ్వారు.

జాడీలు కొన్ని అమ్ముడుపోయాయి. ఒకటి తాత తీసుకుపోయాడు, అవ్వ దాంట్లో ఉప్పు పోసుకుందని తెలిసింది. తాత పోయాక ఆ ఇంట్లో సారె తిరగలేదు. పెద్ద కొడుకు ఆటో తోలాడు, చిన్నవాడు కృష్ణపట్నం పోర్టు పనికి పోయాడు. పొంగలి కుండలు ఇప్పుడు వేరే ఊళ్ల నుంచి వ్యాన్లో వస్తాయి. నేను అప్పుడప్పుడూ ఎండాకాలం ఊరికి పోయినప్పుడు, ఆయన తవ్విన చోటనే నాలుగు తట్టలు మట్టి తీసుకుంటా. ఆ రంగు ఇంకే మట్టికీ రాలేదు.

మిగిలిన వాటిలో ఒకటి కావలిలో మా పిన్ని దగ్గర ఉంది. ఇన్నేళ్లుగా దాంట్లోనే నిమ్మకాయ ఊరగాయ పెడతా ఉంది, గ్లేజుకి ఒక్క నెర్ర లేదు. మొన్న ఫోన్ చేసి, "జాడీ బాగుంది పాపా, మూతే మరీ బరువు, రెండు చేతులా ఎత్తాల్సొస్తా ఉంది. ఇంకోటి పెద్దది చేసియ్యి, మూత మాత్రం తేలిగ్గా చెయ్యి" అంది. ఇప్పుడు చెరువు నిండుగా ఉంది, మే దాకా ఆగమన్నా. సరే గానీ పెద్దదంటే ఎంత పెద్దదో ముందే కొలత చెప్తాను రాసుకోమంది.